శనివారం పలకలు

నేను చదువుకున్నది సముద్రం. ఉద్యోగం చేస్తున్నది మామిడితోటల మధ్య. ఏం చేస్తుంటారని అడిగినవాళ్ళకు సముద్ర జీవశాస్త్రమని చెప్పడం నూజివీడులో కాస్త ఇబ్బందే. నేను అద్దెకున్న ఇంటి ఓనరమ్మ ఇక్కడ సముద్రం ఎక్కడుందమ్మా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఆ ఏడు పూత ఎంత బాగా వచ్చిందో చెప్పుకుపోయింది. అదీ నయమే అనుకున్నాను.

ఇక్కడికి రాకముందు నాలుగేళ్ళు సముద్రంలో పంజరాలు కట్టి పండుగప్ప చేపలు పెంచే చోట పనిచేశాను. చేపల ఒంటికి పట్టే పురుగులను మందులు లేకుండా ఎలా వదిలించాలన్నది నా పరిశోధన. ఒక తుపాను వచ్చి పంజరాలన్నిటినీ పట్టుకుపోయింది. మర్నాడు ఒడ్డున నిలబడితే పంజరాలకు కట్టిన నీలం డ్రమ్ము ఒకటి మాత్రం తేలుతూ కనిపించింది. పక్కనున్నవాళ్ళు నన్ను ఓదార్చారు. నాకు ఏడుపు రాలేదు. తర్వాతైనా వస్తుందేమోనని కొన్నాళ్ళు చూశాను. రాలేదు సరికదా, మిగతావి కూడా ఒక్కొక్కటే రావడం మానేశాయి. కోపం రాదు. ఆకలి వేళకు వేయదు. ఎవరైనా జోకు వేస్తే, ఇక్కడ నవ్వాలి కాబోలు అని గుర్తొచ్చి నవ్వేదాన్ని. ఆ ప్రాజెక్టు మూసేసి నన్ను చేపల చెరువుల మీదికి పంపినప్పుడు కూడా సరేనని సూట్‌కేసు సర్దుకున్నాను.

చెరువు బాపులపాడు దగ్గర. నూజివీడు నుంచి స్కూటీ మీద వెళ్ళేదాన్ని. దారికి రెండువైపులా తోటలు, తర్వాత వరిచేలు, ఆపైన చెరువుగట్లు. ఓనరుకు అక్కడ ఒక పెద్ద చెరువు, దాని మూలగా ఎకరం పాటి చిన్న చెరువు ఉన్నాయి. పెంచే చేపలు ఎక్కువగా శీలావతి, కొంచెం బొచ్చె. శీలావతికి పేను బెడద జాస్తి.

చేప పేనును చూడనివాళ్ళకు చెప్పాలి. కందిపప్పు బద్దంత ఉంటుంది, గాజులా అవతలికి కనబడుతుంది. పొలుసుల మీద అతుక్కుని రక్తం పీలుస్తుంది. చేప దురద భరించలేక ఏది దొరికితే దానికి ఒళ్ళు రుద్దుకుని పుండు చేసుకుంటుంది. నీళ్ళలోంచి ఎగిరెగిరి పడుతుంది. మేత మానేస్తుంది. రైతు గట్టు మీద నిలబడి చేపలు గెంతడం చూశాడంటే ఇక ఆ రోజు అతనికీ అన్నం సహించదు.

పేను గుడ్లు పెట్టేది మాత్రం చేప మీద కాదు. నీళ్ళలో గట్టిగా ఏదుంటే దాని మీద పెడుతుంది. మన చెరువుల్లో మేత వేయడానికి వెదురు గెడలు వరుసగా పాతి, చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి వాటికి కడతారు. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర మూతి పెట్టి తింటాయి. అంటే చేపలు అన్నానికి వచ్చే చోటే పేనుకు పురిటిగది కట్టించి పెట్టామన్నమాట. ఈ మాట మొదటిసారి చెప్పినప్పుడు ఓనరు చాలాసేపు నవ్వాడు. నవ్వాక, అయితే ఏం చేద్దామంటారు మేడం అన్నాడు.

నేను చేద్దామన్నది చాలా చిన్న పని. చిన్న చెరువులో గెడలు పీకేసి మేత సంచులను తాళ్ళకు కట్టాలి. పేను గుడ్లు పెట్టుకోవడానికి మనమే పలకలు వేలాడదీయాలి. వారానికోసారి వాటిని బయటికి తీసి ఎండబెట్టాలి. గుడ్లు ఎండకు చచ్చిపోతాయి, పలకలు మళ్ళీ నీళ్ళలోకి వెళతాయి. పలకల కోసం ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది. నూజివీడు మార్కెట్ యార్డు వెనక విరిగిన మామిడి పెట్టెలు గుట్టలుగా పడి ఉంటాయి. వాటి చెక్కలే తెచ్చి చిల్లు పెట్టి తాడు కట్టాను. కొన్నిటి మీద వ్యాపారుల ముద్రలు ఇంకా ఉన్నాయి.

ఓనరు పెట్టిన షరతు తేలికైనదే. ఒక్క పంట, పిల్లల్ని వదిలిన దగ్గర్నుంచి చేపలు పట్టి అమ్మే పట్టుబడి దాకా, ఆ చిన్న చెరువు మందు చుక్క లేకుండా గట్టెక్కితే పెద్ద చెరువులో కూడా మందు మానేస్తాడు. గట్టెక్కకపోతే పలకలు నేను తీసుకుపోవాలి, మందు మళ్ళీ మొదలవుతుంది. చుట్టుపక్కల రైతులు కూడా ఇతనేం చేస్తాడా అని చూస్తున్నారు.

ఆ షరతు నాకంటే ఎక్కువగా పట్టింది చెరువు కాపలా ఉండే బాబాయికి. నాకు ఆయన చుట్టం కాడు, యాభై అయిదేళ్ళ మనిషిని అలా పిలవడం అలవాటయింది, అంతే. గట్టు మీద రేకుల పాకలో భార్యతో ఉంటాడు. పిన్ని పూత రోజుల్లో తోటల్లోకి పనికి వెళుతుంది. మామిడికి తేనెమంచు పురుగు పట్టకుండా మందు కొడతారు కదా, అప్పుడు స్ప్రేయరు పైపు లాగే పని. ఇటు బాబాయి చెరువుకు మందు చల్లుతాడు. ఇద్దరి మందూ దాదాపు ఒక జాతిదే. పురుగును చంపే మందు పేనునూ చంపుతుంది, నీళ్ళలో ఉన్న మంచి పురుగులనూ చంపుతుంది.

మందు కలపడానికి ఇక్కడ ఒక పద్ధతి ఉంది. బకెట్లో నీళ్ళు పోసి, మందు పోసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కలుపుతారు. చేత్తో కలిపితేనే సమంగా కలుస్తుందని నమ్మకం. కర్ర పెట్టి తిప్పేవాణ్ణి చూస్తే పనికి కొత్త అనుకుంటారు. తర్వాత దోనెలో తిరుగుతూ మగ్గుతో చల్లుతారు. బాబాయి ఇరవై ఏళ్ళుగా ఆ పని చేశాడు. చేతులు చురచురలాడటం మొదట్లో ఒక పూటలో పోయేదట, తర్వాత రెండు రోజులు ఉండేదట. ఇప్పుడు వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయాయి. ఒక డాక్టరు షుగరన్నాడు, ఇంకొక డాక్టరు మందు వల్ల కావచ్చన్నాడు. ఏది నిజమో నేను కూడా చెప్పలేను. ఆయన వల అల్లడంలో పేరున్న మనిషి. ఇప్పుడు ముడి పడిందో లేదో వేలికి తెలియదు, వల ఎత్తి వెలుతురులో చూసుకోవాలి.

ఆ పంటకు పెద్ద చెరువులో మందు చల్లడానికి వేరే మనిషిని పెట్టి, చిన్న చెరువు బాబాయికి అప్పగించారు. ఇది గనక పాసయితే ఇక బకెట్లో చెయ్యి పెట్టనక్కర్లేదు కదండీ అని మొదటి రోజే అడిగాడు. అవునన్నాను. మాట ఇచ్చేటప్పుడు గుండె కొంచెమైనా కొట్టుకోవాలి. నాకు కొట్టుకోలేదు.

శనివారం పలకలు తీయాలని పిన్నే నిర్ణయించింది. ఆదివారం వాళ్ళు చర్చికి వెళ్ళాలి, ఆ రోజు పని ముట్టరు. శనివారం తీస్తే ఆదివారమంతా అవి ఎండుతాయి, సోమవారం దింపవచ్చు. ఒక పరిశోధనకు ఇంతకంటే మంచి టైంటేబుల్ నేనెప్పుడూ వేసుకోలేదు. నేను శనివారం పొద్దున్నే వెళ్ళేదాన్ని. బాబాయి విసురువల వేసి కొన్ని చేపలు పట్టేవాడు. ఒక్కొక్కదాన్నీ తడిగుడ్డ మీద పెట్టి పేలు లెక్కపెట్టి వదిలేదాన్ని. సన్నటి గుడ్డ వలతో నీళ్ళు వడకట్టి గాజు గొట్టంలోకి తీసుకుని నీటిపురుగులను కూడా చూసేదాన్ని. ఆరోగ్యంగా ఉన్న చెరువునీళ్ళలో అవి ఆవగింజల్లా గెంతుతుంటాయి. పిన్ని గట్టు మీద పలకలు పరిచేది. గుడ్ల వరుసలు వాటి మీద జిగురుగా మెరిసేవి.

చలి రోజులన్నీ బాగానే గడిచాయి. ఎండలు ముదిరి మామిడి పిందెలు నిమ్మకాయలంత అయ్యేసరికి లెక్క పెరగడం మొదలైంది. ఒక శనివారం ప్రతి చేప మీదా పేలే. ఒక శీలావతికి రెక్క మొదట్లో ఎర్రగా పుండు పడింది. నేను లెక్కపెట్టాను, రాసుకున్నాను, చేపను నీళ్ళలో వదిలాను. చేతులు కడుక్కుని, వచ్చే వారం చూద్దాం బాబాయ్ అని స్కూటీ ఎక్కాను. నిజానికి అది నాకు ముందే తెలిసిన సంగతి. వేడెక్కే కొద్దీ పేను పెరుగుతుంది, పలకల పని కొన్ని వారాలకు గానీ పైకి కనబడదు. ఆ ముక్క వాళ్ళిద్దరికీ వివరంగా చెప్పి ఉంటే సరిపోయేది. మాట్లాడాలని అనిపించలేదు.

తర్వాతి శనివారం చేపలు శుభ్రంగా ఉన్నాయి. పది చేపలు తిప్పి చూస్తే ఒక్క పేను. బాబాయి చూశారాండీ అన్నాడు. చూశానన్నాను. అలవాటుగా నీళ్ళు వడకట్టి గాజు గొట్టం ఎండకు ఎత్తి పట్టుకున్నాను. అందులో ఏమీ లేదు. ఒక్క నీటిపురుగు కూడా గెంతడం లేదు, అడుగున తెల్లగా కొంచెం నలుసు దిగింది.

దాని అర్థం నాకు తెలియదంటే అబద్ధం. పదిహేనేళ్ళుగా నేను చేస్తున్న పని అదే. ఒక్క వారంలో పేలూ నీటిపురుగులూ కలిసి మాయమయ్యాయంటే నీళ్ళలో మందు పడిందని అర్థం. నేను పుస్తకంలో నీటిపురుగుల గడిలో "మబ్బు, సరిగా కనబడలేదు" అని రాశాను. ఆ రోజు ఆకాశంలో మబ్బు తునక లేదు. రాస్తున్నప్పుడు సిగ్గు కూడా కలగలేదు. ఇంకోసారి ఒడ్డున నిలబడి ఏమీ మిగలని నీళ్ళను చూడలేననుకున్నాను, అంతే.

ఆ తర్వాత రెండు వారాలు కూడా లెక్క బాగుంది. ఓనరు సంబరపడిపోయాడు. హనుమాన్ జంక్షన్‌లో మేత దుకాణం మేడ మీద రైతుల్ని పిలిచి మీటింగు పెట్టిస్తాననీ, నేను వచ్చి పలకల సంగతి చెప్పాలనీ అన్నాడు. సరేనన్నాను. ఆ రోజుల్లో నేను అన్నిటికీ సరేననేదాన్ని.

మీటింగు ముందు శనివారం పిన్ని స్టీలు గ్లాసుల్లో టీ తెచ్చింది. నేను చీరకొంగు మడత పెట్టి గ్లాసు పట్టుకున్నాను. బాబాయి మాత్రం వట్టి వేళ్ళతో గ్లాసు నడుం పట్టుకుని కూర్చున్నాడు. కాలడం లేదా బాబాయ్ అని అడిగాను.

"పొగ వస్తోంది కదండీ. వేడిగానే ఉండుంటది," అన్నాడు.

అప్పుడు ఆ చేతులు చూశాను. కుడిచేయి మోచేతి దాకా ఎర్రగా దద్దుర్లు తేలి, మానుతూ పొట్టు రేగి ఉంది. నేను అడగలేదు. గొట్టంలో చూసినదాన్నే చేతి మీద కూడా చూస్తున్నాను, అడగడానికి ఇంకేముంది. పిన్నే ఉండబట్టలేక చెప్పేసింది. తోటలో చివరి మందు కొట్టాక డబ్బాలో అడుగున మిగిలిందట. పారబొయ్యమని మేస్త్రి ఇస్తే ఇంటికి తెచ్చిందట. అది చూసి ఈయన బకెట్ తీశాడట. నీకు చెప్పొద్దన్నాడమ్మా అంది.

ఎందుకు బాబాయ్ అన్నాను. బకెట్ వదిలిపోతుందని అందరికంటే ఎక్కువ ఆశపడ్డది మీరే కదా అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, అది నిలబడిందో లేదో కళ్ళతో చూసుకుని, అప్పుడు చెప్పాడు.

"ఆ శనివారం లెక్కెట్టేటప్పుడు మీ మొకం చూశానండి. మా చెల్లెలి బిడ్డ పోయినప్పుడు అది అట్టాగే కూర్చుందండి, ఏడవకుండా. నేను చూడలేకపోయానండి."

నా మొహంలో ఏమీ కనబడదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇంట్లోవాళ్ళు కూడా అలాగే అన్నారు, నువ్వు రాయివైపోయావని. వారానికి ఒక్కసారి వల విసిరే మనిషికి కనబడిందన్నమాట. టీ తాగేశాను. పుస్తకం తీసి మబ్బు అని రాసిన గడిని కొట్టేసి, ఆ రోజు నిజంగా చూసినది రాశాను. ఆయన చేసింది ప్రేమతో చేసిన తప్పు. నాది అది కూడా కాదు.

మీటింగులో ముప్పై మంది దాకా ఉన్నారు. నేను పలకల గురించి చెప్పి, పంట మధ్యలో చెరువులో మామిడితోట మందు పడిందనీ, కాబట్టి ఈ పంట లెక్క చెల్లదనీ, ఆ సంగతి నాకు అప్పుడే తెలిసినా రాయలేదనీ చెప్పాను. ఎవరు పోశారన్నది చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది, ఆ గట్టు మీద ఉండేది ఒక్క కుటుంబమే. ఇప్పుడు తిడతారనుకున్నాను. వెనక వరుసలో ఒక రైతు లేచి వినయంగా అడిగాడు.

"ఆ మామిడి మందు పేరేంటండీ మేడం? ఎకరానికి ఎంత పోశాడండి?"

ఇంకో ఇద్దరు జేబుల్లోంచి పెన్నులు తీశారు. అందరూ నావైపే చూస్తున్నారు. పలకల గురించి చెప్పినంతసేపూ ఎవరూ ఏమీ రాసుకోలేదు. నేను నిజం చెప్పినందుకు వాళ్ళకు దక్కింది ఒక కొత్త మందు. నవ్వొచ్చే విషయమే. నాకు నవ్వు రాలేదు, మందు పేరు చెప్పకుండానే మెట్లు దిగాను.

ఓనరు బాబాయిని పనిలోంచి తీసేస్తాడని భయపడ్డాను. తీసేయలేదు. తోటమందుతో చేపలు చావకుండా పేను చంపాడంటే పనిమంతుడేనని మెచ్చుకుని, పెద్ద చెరువు మందు కూడా ఆయనకే అప్పగించాడు. ఏ బకెట్ నుంచి తప్పిస్తానని మాట ఇచ్చానో ఆ బకెట్ రెట్టింపు సైజులో ఆయన ముందుకు వచ్చింది. ఆ కబురు విన్న రోజు నూజివీడులో నా గదిలో మంచం మీద కూర్చుని, ఇప్పుడు బాధపడాలి అనుకున్నాను. బాధ ఎక్కడో ఉందని తెలుస్తోంది, చేతికి అందడం లేదు. పొగ చూసి వేడి ఉందనుకోవడమే నా పని కూడా.

హనుమాన్ జంక్షన్‌లో పురుగుమందుల కొట్లో మోచేతి దాకా వచ్చే రబ్బరు తొడుగులు కొని తీసుకెళ్ళాను. ఎలా వేసుకోవాలో చూపించాను, కర్రతో కలిపినా మందు సమంగానే కలుస్తుందని రంగునీళ్ళతో కలిపి చూపించాను. బాబాయి శ్రద్ధగా చూశాడు. పక్క చెరువుల వాళ్ళు నవ్వితే నవ్వనీలే అన్నాడు. ఆ తర్వాత వేసుకుంటున్నాడని పిన్ని చెప్పింది.

పట్టుబడి అయ్యాక ఓనరు దగ్గరికి వెళ్ళి ఇంకొక్క పంట ఇవ్వమని అడిగాను, అదే షరతు మీద. చిన్న చెరువు మీదేననుకోండి మేడం, కానీ ఆ గట్టు మీద మనిషి ఒప్పుకుంటేనే అన్నాడు. నిజమే, ముందు అడగాల్సింది ఆయననే. వెళ్ళి అడిగాను. ఈసారి అన్నీ వివరంగా చెప్పాను. ఎండలొచ్చాక పేను పెరుగుతుందనీ, చేపలు గెంతుతాయనీ, కొన్ని వారాలు అలా చూస్తూ ఓర్చుకోవాలనీ, ఓడిపోతే నిజంగా ఓడిపోవాలనీ చెప్పాను.

"చేద్దామండి," అన్నాడు. "కానీ మీరు లెక్కెట్టేటప్పుడు నేను అటు తిరిగి కూచుంటానండి. మీ మొకం చూస్తే నా చెయ్యి ఊరుకోదు," అన్నాడు.

ఈ పంట ఇంకా నడుస్తోంది. ఇప్పుడు పిందెలు మళ్ళీ నిమ్మకాయలంత ఉన్నాయి. మొన్న శనివారం ఆయన వల వేసి చేపలు తొట్టిలో పోసి, పెద్ద చెరువువైపు తిరిగి గట్టు మీద కూర్చుని చిరిగిన వల ఒళ్ళో వేసుకున్నాడు. నేను లెక్క మొదలుపెట్టాను. మళ్ళీ ప్రతి చేప మీదా పేలే. ఒకదానికి కడుపు పక్కన పుండు. లెక్క పోయినేడు కంటే తక్కువా ఎక్కువా అన్నది కూడా ఇప్పుడే తేలేలా లేదు. అన్నీ రాసుకున్నాను. గాజు గొట్టంలో నీళ్ళు పట్టి ఎండకు ఎత్తాను.

గొట్టం నిండా నీటిపురుగులు. పైకీ కిందకీ గెంతుతూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ, లెక్కపెట్టనివ్వడం లేదు. వారం రోజులుగా ఈ చేపలు గెంతడం గట్టు మీద నుంచి చూస్తూ ఆయన ఊరుకున్నాడు. పిన్ని ఇంకా తోటలోనే పనిచేస్తోంది, డబ్బాల అడుగున మందు ఈ ఏడూ మిగులుతూనే ఉంటుంది. అయినా ఒక్క చుక్క వేయలేదు.

గొట్టం ఇంకా ఎత్తి పట్టుకునే ఉన్నాను. కళ్ళజోడు మసకబారింది, తుడుచుకుంటే మళ్ళీ మసకబారింది. నేను ఏడుస్తున్నానని అర్థమవడానికి కొంతసేపు పట్టింది. పంజరాలన్నీ, ఆ నీలం డ్రమ్మూ, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. బాగా చప్పుడయ్యే ఉంటుంది, తడిపలకలు పరుస్తున్న పిన్ని వంగినది వంగినట్టే ఆగిపోయింది.

బాబాయి వీపు కదలలేదు. వల ఎత్తి ఎండలో ఒక ముడి చూసుకున్నాడు.

"అయిందాండీ?" అన్నాడు, పెద్ద చెరువునే చూస్తూ.

"ఇంకా లేదు బాబాయ్," అన్నాను.

"నిదానంగానే కానివ్వండి," అని ఆయన ఇంకో ముడి వేసుకున్నాడు.